బుడగల మావయ్యకి మెరుపు చొక్కా

ఆ రేవు ఊళ్ళో ఎవర్నైనా ఆపి బుడగల మావయ్య ఇల్లెక్కడని అడగండి. నిన్నగాక మొన్న బళ్ళో చేరిన పిల్లదాని దగ్గర్నుంచి పళ్ళూడిన ముసలాయన దాకా అందరిదీ ఒకటే మాట: "తలెత్తి చూస్తూ ఉండండి. బుడగ ఎక్కణ్ణుంచి లేస్తే అదే ఇల్లు." ఇదేం అడ్రసండీ, మనిషి మెడ పట్టేయదూ? అయినా వాళ్ళకి అదే చాలు.

ఆయన ఉద్యోగం వాతావరణ కేంద్రంలో, కాపురం ఆ ఆవరణలోనే ఉన్న మేడ మీద. పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి, నిలువెత్తు రబ్బరు బుడగని గ్యాసుతో నింపి, దాని కింద దారానికి అరచేతిలో పట్టేంత పెట్టె ఒకటి కట్టి, ఆకాశంలోకి వదలాలి. ఆ పెట్టె పైకి పోతూ పోతూ, దారిలో వేడెంత, తడెంత, గాలి ఎటు, ఎంత జోరు అని గుక్క తిప్పుకోకుండా కిందకి కబుర్లు పంపిస్తుంది. విమానాలు కూడా పోనంత ఎత్తుకి పోయాక బుడగ పగిలిపోతుంది. పెట్టె ఏ సముద్రంలోనో పడుతుంది. పూట మారితే ఇంకో బుడగ. ఇంతే. "ఇంతేనా?" అని మాత్రం ఆయన ముందు అనకండి. ఆయన చెప్పే సమాధానం విని ఇంటికెళ్ళేసరికి భోజనాల వేళ దాటిపోతుంది.

అసలాయన కుర్రతనంలో ఆసుపత్రి గేటు దగ్గర పిల్లలకి రంగు బుడగలు అమ్మేవాడు. అప్పటి పెద్దాఫీసరు ఒకాయన తన కూతురికి అక్కడ బుడగ కొన్నాడు. వారం తిరిగినా అది వాడిపోకుండా ఇంటి కప్పుకి అంటుకుని అలాగే ఉంది. ఆయనకి ఆశ్చర్యమేసింది. తన కేంద్రంలో బుడగలేమో ముడి దగ్గర గ్యాసు కారి సగం దారిలో చతికిలబడుతున్నాయి. తిన్నగా గేటు దగ్గరికొచ్చి, "ఏదీ, ముడి ఎలా వేస్తావో చూపించు" అన్నాడు. చూపించాడు. ఉద్యోగం వచ్చేసింది. అప్పటికి అమ్మకుండా మిగిలిన బుడగలన్నీ ఆసుపత్రిలో పిల్లల మంచాలకి కట్టేసి మరీ వెళ్ళాడా మహానుభావుడు.

ఆ ఉద్యోగంలో ఒక గట్టి రూలుంది. బుడగలో నింపే గ్యాసు చిన్న నిప్పురవ్వ తగిలినా భగ్గుమంటుంది. నిప్పంటే అగ్గిపుల్లే అక్కర్లేదు. మెరిసే బట్టలుంటాయే, పట్టు, పాలిస్టరు, అవి ఒంటికి రాసుకుంటే చిటచిటలాడతాయి చూడండి, ఆ మాత్రం చాలు. అందుకని గ్యాసు షెడ్డూ, బుడగ వదిలే ఖాళీ జాగా చుట్టూ నేల మీద ఒక పసుపు గీత గీశారు. నూలు బట్టలు కట్టినవాళ్ళే ఆ గీత దాటాలి. గాజులు, గొలుసులు, మేకులున్న చెప్పులు అన్నీ గీత బయటే. ఎంత గొప్పవాళ్ళైనా ఇంతే. ఒకసారి తనిఖీకి వచ్చిన పెద్దమనిషి కోటు చూసి, "కోటు లోపలికి రాదండీ, తమరొస్తే రండి" అన్నాడు మావయ్య. ఆయన కోటు విప్పుకునే వచ్చాడు.

మావయ్యని చేసుకున్నావిడ దర్జీ. ఊళ్ళో సగం మంది ఒంటి మీద ఉన్నది ఆవిడ కుట్టిన బట్టే. పెళ్ళైన దగ్గర్నుంచి ఆవిడకి ఒకటే దిగులు. "ఊరందరికీ తళతళలాడే చొక్కాలు కుడతాను. నా మొగుడు మాత్రం పిండారబోసినట్టు తెల్లటి నూలు చొక్కాలో తిరుగుతాడు. ఎవరైనా చూస్తే దర్జీ పెళ్ళాం ఉందనుకుంటారా, లేదనుకుంటారా?" అని కనపడినవాళ్ళందరికీ చెప్పుకునేది. పండగొచ్చినా పబ్బమొచ్చినా బుడగ టైముకి ఆయన గీత లోపలే ఉండాలి కాబట్టి ఆయనెప్పుడూ మెరిసే చొక్కా వేసుకున్నదే లేదు. ఆవిడ పోరు చెవిలో జోరీగలా సాగుతూనే ఉండేది. ఆయన నవ్వుతూనే ఉండేవాడు.

వీళ్ళకి ఒక్కతే కూతురు. ఇంట్లో అందరూ అమ్మడు అంటారు. నడక వచ్చిన దగ్గర్నుంచి దాని మకాం ఆ ఆవరణలోనే. తండ్రి బుడగ పట్టుకుంటే అది పెట్టె పట్టుకునేది. గాలి ఉన్నరోజు బుడగ వదలటం నిలబడి చేసే పని కాదు. గాలి ఎటు తోస్తే అటు బుడగతో పాటు పరుగెత్తాలి, పెట్టె పట్టుకున్నవాళ్ళు దాని కిందే పరుగెత్తాలి, దారం బిగిసిన క్షణంలో ఇద్దరూ ఒకేసారి వదలాలి. ఆగారా, బుడగ వెళ్ళి ఏ గోడకో తలబాదుకుంటుంది. "ఒకటీ... రెండూ... పరుగో!" అని తండ్రి కేక పెడితే, జడ ఊడిపోయి, గౌను ఎగిరిపోతూ, కేరింతలు కొడుతూ పరుగెత్తేదా పిల్ల. పెద్దదై లెక్కల పంతులమ్మ అయింది గానీ సెలవు రోజైతే ఆ పరుగు మానలేదు.

ఇక అల్లుడి సంగతి. సముద్రపు పాయకి ఇవతల ఈ ఊరు, అవతల ఇంకో ఊరు. మధ్యలో జనాన్ని దాటించే లాంచీ నడిపేవాడు అతను. ఒకరోజు మిలమిలలాడే చొక్కా వేసుకుని, జుట్టు నున్నగా దువ్వుకుని కేంద్రానికొచ్చాడు. "మావయ్యా, లాంచీ నడిపేవాణ్ణి కదా, తుఫాన్ల గురించి తెలుసుకుందామని" అంటూ పసుపు గీత మీద కాలేశాడు. "ఆగక్కడ!" అని లోపల్నుంచి అమ్మడు ఒక్క కేక పెట్టింది. పాపం, ఒంటికాలి మీద అలాగే నిలబడిపోయాడు. అమ్మడు పడీ పడీ నవ్వింది. ఆ పిల్లాడు ఆ నవ్వు దగ్గరే పడిపోయాడని వేరే చెప్పాలా?

మర్నాడు వెలిసిపోయిన నూలు చొక్కాలో వచ్చాడు. మావయ్య ఎంత మురిసిపోయాడో! తుఫాను గురించి అడిగేవాళ్ళే ఆయనకి దొరకరు. స్టూలు వేసి కూర్చోబెట్టి మొదలుపెట్టాడు.

"ముందు సముద్రం బాగా వేడెక్కాలి. పైపైన కాదు, లోతుగా. అప్పుడు ఆవిరి లేస్తుంది. వేడిగాలి తేలిక కదా, ఆ ఆవిర్ని వెంటేసుకుని పైకి పోతుంది. అది వెళ్ళిపోయిన చోట గాలి పలచబడుతుంది. దాన్నే అల్పపీడనం అంటాం. ఇక్కడేదో ఖాళీ ఉందని చుట్టుపక్కల గాలంతా తోసుకొస్తుంది. భూమి తిరుగుతోంది కాబట్టి సూటిగా రాలేదు, పక్కకి ఒరిగి సుడి తిరుగుతుంది."

"మరి వచ్చినదంతా ఏమవుతుంది మావయ్యా?" అడుగుతున్నది మావయ్యని, చూస్తున్నది షెడ్డు లోపలికి.

"అదీ పైకే. పైకి పోయిన ఆవిరి చల్లబడి మబ్బవుతుంది. మబ్బయ్యేటప్పుడు, కిందనుంచి మోసుకొచ్చిన వేడిని అక్కడ దింపేస్తుంది. ఆ వేడికి గాలి ఇంకా పైకి లేస్తుంది, కింద ఇంకా ఖాళీ అవుతుంది, ఇంకా ఆవిరి వస్తుంది. దాని తిండి అదే సంపాదించుకుంటుందోయ్! నేల ఎక్కితే ఆవిరి దొరక్క నీరసిస్తుంది. చల్లటి నీళ్ళ మీదికి పోయినా అంతే. ఇంకొకటి, పైగాలి. కింద గాలి ఒకవైపు, పైన గాలి ఇంకోవైపు గట్టిగా లాగాయనుకో, దాని మొండెం ఇక్కడ, తల అక్కడ! నిలవలేదు. పైనా కిందా గాలి ఒకే తీరుగా ఉంటే మాత్రం నిటారుగా నిలబడి బలుస్తుంది. అది కనిపెట్టడానికే నా బుడగ."

గాలి వేగాన్ని బట్టి దాని హోదా మారుతుందని కూడా చెప్పాడు. అల్పపీడనం బలిస్తే వాయుగుండం. ఇంకా బలిస్తే తీవ్ర వాయుగుండం. గాలి గంటకి అరవై రెండు కిలోమీటర్లకి చేరిందా, అప్పుడు తుఫాను. అప్పుడే దానికి ఒక పేరు పెడతారు. ఆపైన తీవ్ర తుఫాను, అతి తీవ్ర తుఫాను, అలా పెను తుఫాను దాకా ఉంది మెట్ల వరస. లాంచీ అబ్బాయికి మాత్రం అందులో ఒకే మెట్టు ముఖ్యం. తీవ్ర వాయుగుండం దాకా లాంచీ తియ్యాలో వద్దో నడిపేవాడి ఇష్టం. తుఫాను అన్నారా, లాంచీ కట్టిన తాడు ముట్టుకోకూడదు. అది రేవు రూలు.

ఆ అబ్బాయి మళ్ళీ వచ్చాడు. మళ్ళీ అదే ప్రశ్న. మళ్ళీ మళ్ళీ వచ్చాడు. మావయ్య మళ్ళీ మళ్ళీ చెప్పాడు. చివరికి ఒకరోజు గ్యాసు సిలిండర్లు చూసే సహోద్యోగి, అందరూ గ్యాసు బావ అని పిలిచే లావుపాటి ఆయన, ఇక ఉండబట్టలేక, "ఒరే బావా, అతగాడికి అల్పపీడనం ఎక్కడ పుట్టిందో నీకింకా తెలియలేదా? షెడ్డులోకి చూడరా బాబూ!" అన్నాడు. మావయ్య చూశాడు. కూతురు దారపు ఉండ మొహానికి అడ్డం పెట్టుకుని సిగ్గుపడుతోంది. ఆయనకి నవ్వాగలేదు. "ఓసి నీ దుంపతెగా! ఇది తీవ్ర వాయుగుండం అయ్యేదాకా నాతో చెప్పలేదేమే?" అన్నాడు.

అలా సంబంధం కుదిరింది. పెళ్ళి తేదీ మాత్రం మావయ్య పెళ్ళామే పెట్టింది. "ఆ రోజుల్లో సముద్రం వేడిగా ఉంటుందే" అని ఆయన నసిగితే, "మీ సముద్రం ఎప్పుడు చల్లగా ఉంది గనక! ఇలా చూస్తూ కూర్చుంటే పిల్లకి తల నెరుస్తుంది" అని ఒక్క కసురు కసిరింది. ఆవిడ ఆ రోజే మిషను ముందు కూర్చుంది. కూతురికి జిగేల్మనే పెళ్ళిబట్టలు కుట్టింది. తర్వాత తలుపేసుకుని ఇంకొకటి కుట్టింది. నెమలి మెడ రంగు మెరుపు చొక్కా. "బుడగ వదిలేసి, చేతులు కడుక్కుని వచ్చి, ఇది వేసుకుని నా పక్కన నిలబడాలి. ఒక్కరోజు. అంతకంటే నేనేం అడగను" అంది. ఆ మాటకి ఆయన కళ్ళు చెమర్చాయి. సరేనన్నాడు.

పెళ్ళి దగ్గర పడేసరికి, అనుకున్నంతా అయింది. సముద్రంలో అల్పపీడనం పుట్టింది. ఇవతలి చుట్టాలు దిగేసరికి వాయుగుండం. పెళ్ళిరోజు తెల్లారేసరికి తీవ్ర వాయుగుండం. ఆకాశం ముసురు పట్టి ఉంది, గాలి ఉండుండి విసురుతోంది. లాంచీ అబ్బాయి అవతలి ఒడ్డు నుంచి ఫోను చేశాడు. "మాటిచ్చాను మావయ్యా, మా అమ్మని, చుట్టాలందర్నీ ఎక్కించుకుని వచ్చేస్తాను. ఇంకా వాయుగుండమేగా! తుఫాను అన్నారంటే మాత్రం తాడు ముట్టుకోను. మీరు చెప్పినట్టే." మావయ్య ఊఁ అన్నాడు.

కేంద్రంలో ఆఫీసరమ్మ అప్పటికే తయారై కూర్చుంది. వయసులో చిన్నది, మావయ్య మీద ప్రాణం పెట్టుకున్న పిల్ల. పెళ్ళికని పట్టుబట్టలు కట్టి, తలలో పూలు పెట్టి, కంప్యూటరు ముందు గోళ్ళు కొరుక్కుంటోంది. "మావయ్యగారూ, పెద్దాఫీసు వాళ్ళు తేల్చుకోలేకపోతున్నారు. మబ్బు ఫొటోల్లో ఒకసారి చూస్తే దాని తల పక్కకి చెదురుతున్నట్టుంది, ఇంకోసారి చూస్తే నిటారుగా లేస్తున్నట్టుంది. మన పైగాలి లెక్క కోసం ఆగారు. ఈ పూట బుడగ బాగా పోవాలి."

అర్థమైందా అండీ, ఆయన పరిస్థితి? బుడగ బాగా పోయి, పైనా కిందా గాలి ఒకే తీరుగా ఉందని చెప్పిందంటే, అది తుఫాను. లాంచీ రాదు. పెళ్ళి లేదు. చొక్కా లేదు. బుడగ పోలేదనుకోండి, వాయుగుండం వాయుగుండంగానే ఉంటుంది కాగితం మీద. లాంచీ బయల్దేరుతుంది. పాయ మధ్యలో ఉండగా గాలి లేస్తే ఏమవుతుందో మాత్రం ఆ కాగితం చెప్పదు.

ఆయన బుడగ నింపాడు. ముడి వేశాడు. ఎప్పుడూ పెట్టె పట్టుకునే గ్యాసు బావ పెళ్ళికని నిగనిగలాడే పాలిస్టరు సూటులో దిగబడ్డాడు. "ఏరా, ఇవాళ బుడగ ఉందని తెలీదూ?" అంటే, "పెళ్ళి కదరా, ఒక్క బుడగేగా, నువ్వొక్కడివే కానిచ్చేస్తావనుకున్నా" అని గీత బయటే నిలబడి నీళ్ళు నమిలాడు. సరే, ఒక చేత బుడగ, ఒక చేత పెట్టె పట్టుకుని మావయ్య ఒక్కడే షెడ్డు బయటికొచ్చాడు. గాలి ఒక్క విసురు విసిరింది. పరుగెత్తాలి. కాళ్ళు కదల్లేదు. ఎదురుగా తమ మేడ మీద కిటికీలో ఆ నెమలి మెడ రంగు చొక్కా వేలాడుతోంది. ఆయన దాన్ని చూశాడు. అంతే. బుడగ వెళ్ళి షెడ్డు తలుపు అంచుకి తగిలి ఫట్టుమని పేలింది.

మావయ్య పెళ్ళాం మేడ దిగి పరుగున వచ్చింది. "పోతేపోనివ్వండి! ఒక్కపూట బుడగ ఎగరకపోతే కొంపలేం మునగవు. వచ్చి స్నానం చెయ్యండి" అంది. ఆ మాటలో దాచుకున్నా దాగని సంతోషం ఉంది. ఆఫీసరమ్మ మాత్రం ఒక్క మాట కూడా నిష్ఠూరంగా అనలేదు. "ఇంకొకటి నింపడానికి టైముంది మావయ్యగారూ" అంది మెల్లగా. ఆయన చిరిగిన రబ్బరు ముక్క చేతిలో పట్టుకుని అలాగే నిలబడ్డాడు. గాలి చేసిందా, తాను చేశాడా? ఆయనకే తెలియలేదు.

"నాన్నా!"

పెళ్ళికూతురు. జిగేల్మంటూ మెట్లు దిగి వచ్చి పసుపు గీత దగ్గర టక్కున ఆగింది. ఆ అలవాటు ఎక్కడికి పోతుంది!

"కిటికీలోంచి చూశాను. నువ్వు పరుగెత్తలేదు" అంది.

"గాలి ఒక్కసారిగా..."

"నాన్నా, నువ్వు పరుగెత్తలేదు."

ఆయన తలొంచుకున్నాడు. "లేదమ్మా. కాళ్ళు రాలేదు. నీ పెళ్ళి నా చేత్తో ఆపాలంటే..."

ఆ పిల్ల గబగబా గాజులు తీసి గ్యాసు బావ చేతిలో పోసింది. గొలుసు తీసి ఆయన మెడలోనే వేసింది. పక్క గదిలోకి పోయి, తీగ మీద ఆరీ ఆరని వాళ్ళమ్మ పాత నూలు అంగీ తగిలించుకుని, జుట్టు బిగించి ముడేసుకుంటూ వచ్చింది. ఆవిడ లబోదిబోమంది. "అయ్యో అయ్యో! రాత్రింబవళ్ళు కళ్ళు కాయలు కాచేలా కుట్టాను కదే! పెళ్ళికూతురివి, ఆ పాత గుడ్డేంటే! ఆ బుడగ పోయిందంటే నీ పెళ్ళే ఆగిపోతుంది, తెలుస్తోందా నీకు?"

"తెలుసమ్మా" అంది అమ్మడు. గీత దాటుతూ వెనక్కి తిరిగింది. "పెళ్ళి ఇవాళ కాకపోతే ఎల్లుండి. ఎల్లుండికి పెళ్ళికొడుకు ఉండాలిగా."

ఆవిడ కళ్ళు తుడుచుకుని, "మరి నిలబడతారేం? కానివ్వండి!" అని మొగుణ్ణే కసిరింది.

రెండో బుడగ నింపారు. ముడి మీద ముడి వేశాడు మావయ్య. గాలి హోరుమంటోంది, బుడగ చేతుల్లో పెనుగులాడుతోంది. ఆయన కూతురి వంక చూశాడు. కూతురు పెట్టె గుండెలకి హత్తుకుని తలూపింది.

"ఒకటీ... రెండూ... పరుగో!"

పరుగెత్తారండీ ఇద్దరూ! బురదలో, జల్లులో, తండ్రి ముందు, కూతురు వెనక. కంచె ముంచుకొస్తోంది. "వదలకు... వదలకు... వదులు!" దారం బిగిసింది. పెట్టె కంచె మీద జానెడు ఎత్తులో దూసుకుపోయి, ఊగి, సర్దుకుని, పైకి లేచింది. గీత బయట నిలబడ్డ పెళ్ళి చుట్టాలందరూ ఈలలు, చప్పట్లు. గ్యాసు బావ రెండు చేతుల నిండా గాజులు వేసుకుని గంతులేస్తున్నాడు. కూతురు బురదలో చతికిలబడి చిన్నప్పటిలా కేరింతలు కొడుతోంది. ఆ నవ్వు చూసి ఆ తండ్రికి ఏడుపు, నవ్వు ఒక్కసారే ముంచుకొచ్చాయి.

తర్వాత అందరూ ఆఫీసరమ్మ కుర్చీ చుట్టూ మూగారు. బుడగ ఎక్కుతున్న కొద్దీ తెర మీద గీత ఎక్కుతోంది. "కింద తడి... మధ్యలోనూ తడే... పైనా తడే" అని ఆమె చదువుతోంది. "గాలి... కింద ఎలా ఉందో పైనా దాదాపు అలాగే ఉంది. లాగే చెయ్యే లేదు మావయ్యగారూ. ఇది నిటారుగా నిలబడుతుంది." ఫోను తీసి పెద్దాఫీసుకి చెప్పింది. వాళ్ళు తమ దగ్గరున్న ఓడల కబుర్లు, మబ్బు ఫొటోలు అన్నీ దగ్గర పెట్టుకుని చూసుకున్నారు. కాసేపటికి రేడియోలో వచ్చేసింది: తీవ్ర వాయుగుండం తుఫానుగా మారింది. దానికి పేరు కూడా పెట్టేశారు.

ఎవ్వరూ ఆ పేరు వినిపించుకోలేదు. అందరి చూపూ మావయ్య ఫోను మీదే. లాంచీ బయల్దేరే టైము దాటిపోయింది. ఆయన నంబరు నొక్కితే మోగుతోంది గానీ ఎవరూ ఎత్తరు. మళ్ళీ నొక్కాడు. ఎత్తరు. అమ్మడు తండ్రి చొక్కా చెరగు గట్టిగా పట్టుకుంది, నవ్వంతా ఎగిరిపోయింది. ఆవిడ కనపడిన దేవుళ్ళందరికీ దణ్ణాలు పెడుతోంది. అప్పుడు ఫోను మోగింది.

"మావయ్యా, తాడు సగం విప్పాక రేడియోలో విన్నాను" అన్నాడు లాంచీ అబ్బాయి, ఆయాసపడుతూ. "అందర్నీ దింపేసి, లాంచీ కట్టేసి వచ్చేసరికి ఆలస్యమైంది. మా అమ్మ ఒకటే తిట్లు, పెళ్ళి పెట్టుకుని దింపుతావేంట్రా అని. అమ్మడుకి ఎలా చెప్పాలో తెలియట్లేదు మావయ్యా. కోప్పడుతుందేమో."

మావయ్య ఫోను కూతురికిచ్చేశాడు. "బతికిపోయావు పో" అంది అమ్మడు, ఏడుస్తూ నవ్వుతూ. "ఆ బుడగ నేనే వదిలాను."

గంట తిరక్కుండానే పాయ మధ్యలో నీళ్ళు తెల్లగా మరిగిపోయాయి. కిటికీలోంచి అమ్మడు వాళ్ళమ్మ అది చూసింది. మొగుడి దగ్గరికొచ్చి, ఆయన చెయ్యి పట్టుకుని నిలబడింది.

పెళ్ళి చుట్టాలందరూ కేంద్రం గట్టి గదుల్లోనే తలదాచుకున్నారు. పెళ్ళికని వండినదంతా అక్కడే వడ్డించారు. బయట తుఫాను తీవ్ర తుఫాను అయింది, లోపల పాటలూ, పేకాటా, గ్యాసు బావ గురకా. ఆఫీసరమ్మ కంటి మీద కునుకు లేకుండా లెక్కలు పంపిస్తోంది. ఆవిడ మాత్రం తన కుట్టుమిషను లోపలికి మోయించుకుని, కేంద్రంలో ఉన్న దుప్పట్లు, కర్టెన్లు, నూలువి ఏవి దొరికితే అవి ముందేసుకుని కూర్చుంది. "ఏం కుడుతున్నావే?" అని మొగుడు అడిగితే, "మీకెందుకు?" అంది. ఆ మొహంలో కోపం లేదు.

నేలెక్కాక తుఫాను నీరసించింది. మర్నాటికి ఎండ కాసింది. కల్యాణమండపం కప్పు ఎగిరిపోయింది. లాంచీ కట్లు తెంచుకుని ఒడ్డు మీద పక్కకి ఒరిగి పడుకుంది, ఖాళీగా. ఒక చేపల పడవ అడిగి తీసుకుని పెళ్ళికొడుకు, వాళ్ళమ్మ, చుట్టాలు ఇవతలికి వచ్చారు. పెళ్ళి వాతావరణ కేంద్రం ఆవరణలోనే. ఇంకెక్కడుంది చోటు?

పెళ్ళికూతురు బయటికి రాగానే అందరూ నోరు వెళ్ళబెట్టారు. లేత పసుపు నూలు బట్టలు, అంచుకి చిన్న చిన్న బుడగలు కుట్టి ఉన్నాయి. ఆఫీసు కర్టెన్లు అవి! పెళ్ళికొడుక్కీ ఒక నూలు అంగీ తయారుగా ఉంది. గ్యాసు బావకైతే దుప్పటి చొక్కా, వెనక కేంద్రం ముద్రతో సహా. "మా పిల్లకి జిగేల్మనే బట్టలు రాసిపెట్టి లేవు" అంటూ ఆవిడ గర్వంగా నవ్వింది.

పెళ్ళి అయింది, నవ్వులయ్యాయి. సాయంత్రం బుడగ టైము కూడా అయింది. మావయ్య అలవాటు కొద్దీ లేచాడు. చెయ్యి పట్టి ఆపింది ఆవిడ.

"ఎక్కడికి?"

"బుడగ..."

"దానికి మనుషులున్నారు. మీరు ఇది వేసుకోండి."

నెమలి మెడ రంగు చొక్కా. ఆయన కూతురి వంక చూశాడు. కూతురు, అల్లుడు అప్పటికే గీత లోపల ఉన్నారు, గాజులూ ఉంగరాలూ తీసేసి. ఇస్త్రీ వేడి ఇంకా ఆరని ఆ చొక్కా ఆవిడే తొడిగి, బొత్తాలు పెట్టి, రెండడుగులు వెనక్కి వేసి చూసుకుంది. మొహం చేటంత చేసుకుని, "ఇప్పుడు ఉందండీ నాకు మొగుడు!" అంది అందరికీ వినపడేలా. నవ్వులే నవ్వులు. ఆయన సిగ్గుతో ఎర్రబడి, నడుచుకుంటూ వెళ్ళి పసుపు గీత దగ్గర ఆగిపోయాడు. ఇన్నేళ్ళలో మొదటిసారి బుడగ టైముకి గీత బయట నిలబడ్డాడు. ఆవిడ వచ్చి పక్కన నిలబడింది.

లోపల అల్లుడు బుడగ పట్టుకున్నాడు, కూతురు పెట్టె పట్టుకుంది. ఇద్దరూ ఆయన వైపే చూస్తున్నారు, కేక ఆయనే పెట్టాలిగా మరి. ఆయన గొంతు సవరించుకున్నాడు.

"ఒకటీ... రెండూ... పరుగో!"

వాళ్ళు గీత లోపల పరుగెత్తారు. మెరుపు చొక్కా వేసుకుని, పెళ్ళాం చెయ్యి వదలకుండా లాక్కుంటూ, గీత బయట ఆయనా పరుగెత్తాడు.